ఆ రోజు అక్కడ ఉన్నవాడు
(వెటరన్స్ డే సందర్భంగా ఇచ్చిన స్మారకోపన్యాస పాఠం)



ఈ ప్రాంతం నుంచి సైన్యానికి వెళ్లి తిరిగి రానివారి స్మృతికి ఈ ఉపన్యాసం అంకితం. దీన్ని జనవరి 14న పెట్టుకోవడానికి కారణం మీలో చాలామందికి తెలుసు. 1953లో ఆ రోజునే కె.ఎం. కరియప్ప సైన్యం నుంచి పదవీ విరమణ చేశారు. భారత సైన్యానికి కమాండర్-ఇన్-చీఫ్ అయిన మొదటి భారతీయుడు ఆయన. ఆయన గౌరవార్థం ఆ తేదీని వెటరన్స్ డేగా జరుపుతున్నారు. మన వైపు వచ్చిన చిక్కల్లా, ఆ రోజు భోగి అయినా అవుతుంది, సంక్రాంతి అయినా అవుతుంది. ఇంట్లో కొత్తల్లుణ్ణి, పొయ్యి మీద అరిసెల పాకాన్ని వదిలిపెట్టి ఇంతమంది వచ్చారు. భోజనాల వేళకు ముగిస్తానని ముందే మాట ఇస్తున్నాను.

శౌర్య పతకాల గురించి ఇలాంటి సభల్లో చాలాసార్లు విన్నాం, వినాలి కూడా. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణమిచ్చిన తీరు, ఆయనకు మరణానంతరం వచ్చిన మహావీర చక్ర మన పిల్లలకు చెప్పుకోవలసిన సంగతులే. ఈ పూట నేను ఎంచుకున్నది మరో రకం పతకం. ముందు వరుసల్లో కూర్చున్న మాజీ సైనికులారా, మీ రొమ్ము మీది వరుసలో అది శౌర్య పతకాల తర్వాత వస్తుంది. దాని వెనక సాహసగాథ ఉండాలన్న నియమం లేదు. ఫలానా యుద్ధం జరిగినప్పుడు ఇతను సైన్యంలో ఉన్నాడు, ఫలానా సరిహద్దులో నిలబడ్డాడు, దేశం ఫలానా వార్షికోత్సవం జరుపుకున్న నాటికి యూనిఫారంలో ఉన్నాడు అని చెప్పి ఊరుకుంటుంది. యుద్ధంలో పాల్గొన్నందుకు ఇచ్చేదాన్నీ, వార్షికోత్సవానికి ఇచ్చేదాన్నీ కలిపి ఈ ఉపన్యాసంలో స్మారక పతకం అనే అంటాను.

శౌర్య పతకానికి సాక్షులు కావాలి. ఎక్కడ, ఎప్పుడు, ఏం చేశాడో వివరిస్తూ పై అధికారి సిఫార్సు రాయాలి. అది మెట్టు మెట్టుగా ఢిల్లీ దాకా పోవాలి. గెజెట్‌లో పడాలి. పడ్డాక నెలనెలా భత్యం ఉంటుంది. స్మారక పతకానికి ప్రశంసా వాక్యం లేదు, డబ్బు లేదు. దానికి కావలసింది హాజరు ఒక్కటే. ఆ హాజరుకు ఆధారం ఒక జాబితా. జాబితాలో పేరుంటే పతకం వస్తుంది. లేకపోతే, గుండు చెవి పక్క నుంచి దూసుకుపోయినా రాదు.

అందుకే నా వాదం ఇది. ఒక రాజ్యం తన యుద్ధాలను ఎలా గుర్తుపెట్టుకుంటుందో తెలుసుకోవాలంటే పతకం మీది బొమ్మను చూస్తే సరిపోదు. అది ఎవరెవరికి ఇచ్చారో రాసిన చిట్టాను చూడాలి. గీత ఎక్కడ గీశారు? లోపల ఎవరు పడ్డారు, బయట ఎవరు మిగిలారు? లోపల పడ్డవాడి చేతికి అది నిజంగా చేరిందా? స్మారక పతకం విలువంతా ఈ ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో ఉంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పుకోవాలి. మన రాజ్యాంగం 18వ అధికరణం రాజ్యం ఎవరికీ బిరుదులు ఇవ్వకూడదంటుంది. అదే వాక్యంలో సైనిక, విద్యా రంగాల గుర్తింపులను మినహాయించింది. రావు బహదూర్లనూ దివాన్ బహదూర్లనూ చూసి విసిగిన తరం రాసిన రాజ్యాంగం అది. అయినా సైనికుడి రొమ్ము మీది గుర్తుకు చోటు వదిలారు. అంత ప్రత్యేకంగా దక్కిన మినహాయింపుకు రాజ్యం తగినట్టు నడుచుకుందా అన్నది మనం అడగదగ్గ ప్రశ్న.

తగరం, కంచు, వెండి

ఈ దేశంలో సిపాయిలకు పతకాలు ఇవ్వడం ఈస్టిండియా కంపెనీతో మొదలైంది. 1784 నాటి దక్కన్ మెడల్ వాటిలో మొదటిది. మనకు దగ్గరగా వచ్చేది శ్రీరంగపట్టణం పతకం. 1799 మే 4న టిప్పు సుల్తాన్ కోట పడింది. ఆ ముట్టడిలో కంపెనీ మద్రాసు సైన్యం ఉంది, ఆ పటాలాల్లో తెలుగువాళ్లున్నారు. నిజాం సేన కూడా కంపెనీ పక్షాన నడిచింది. గెలుపు గుర్తుగా కంపెనీ ఇంగ్లండులోని మాథ్యూ బౌల్టన్ టంకశాలలో పతకాలు అచ్చు వేయించింది. ఒక పక్క సింహం పులిని పడగొట్టి మీద నిలబడి ఉంటుంది. ఆ పులి ఎవరో మైసూరు చరిత్ర చదివినవారికి చెప్పనక్కర్లేదు.

బొమ్మ అందరికీ ఒకటే. లోహం మాత్రం హోదాను బట్టి మారింది. పై స్థాయి అధికారులకు బంగారం, ఆ కింది వారికి బంగారు పూత పూసిన వెండి, చిన్న అధికారులకు వెండి, వారి కింద కంచు, అట్టడుగున ఉన్న సిపాయికి తగరం. యుద్ధం ఒకటే, కోట ఒకటే, రోజూ ఒకటే. జ్ఞాపకానికి మాత్రం అయిదు ధరలు.

నూరేళ్లు గడిచాక మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. పది లక్షల మందికి పైగా భారతీయులు సముద్రం దాటి వెళ్లారు. సుమారు 74,000 మంది తిరిగి రాలేదు. ఈసారి సిపాయికీ సాహెబుకూ ఒకే వెండితో బ్రిటిష్ వార్ మెడల్ ఇచ్చారు. పతకం అంచు మీద నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కి మరీ ఇచ్చారు. ఇది నిజంగానే ముందడుగు. అయితే గీత మరో చోట పడింది. లేబర్ కోర్‌లో మూటలు మోసినవారికి, కందకాలు తవ్వినవారికి, చైనా నుంచీ మాల్టా నుంచీ మన దేశం నుంచీ వెళ్లిన కూలీలకు అదే పతకం కంచుతో పోసి ఇచ్చారు. అలాంటి కంచు పతకాలు సుమారు 1,10,000 ఉంటాయని లెక్క. తుపాకి పట్టినవాడికి వెండి, పార పట్టినవాడికి కంచు. ఫిరంగి గుండ్లు ఈ తేడా చూసి పడలేదు.

అదే రాజ్యం అదే యుద్ధంలో చనిపోయినవారి ఇళ్లకు పంపిన కంచు ఫలకం దీనికి పూర్తిగా వేరు. వెడల్పు 120 మిల్లీమీటర్లు. దాని మీద మరణించినవాడి పేరు ఉంటుంది, హోదా ఉండదు. త్యాగంలో హెచ్చుతగ్గులు లేవు గనక హోదా రాయకూడదని తెలిసే నిర్ణయించారు. పదమూడు లక్షలకు పైగా ఫలకాలు తయారయ్యాయి. బతికినవాడిని లోహంతో తూచిన ప్రభుత్వం చనిపోయినవాడిని సమానంగా చూసిందన్నమాట.

కానీ ఆ సమానత్వం కూడా చాలాచోట్ల నిలబడలేదు. ఇరాక్‌లో బస్రా స్మారకం ఉంది. మెసొపొటేమియా పోరులో మరణించి సమాధి దొరకనివారి కోసం కట్టింది. అందులో భారతీయ అధికారుల పేర్లు చెక్కారు, మామూలు సిపాయిలను పటాలాలవారీగా అంకెలతో సరిపెట్టారు. ఆసియా, ఆఫ్రికా సైనికులను సమానంగా స్మరించలేదని కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021లో తన నివేదికలో ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని కొన్ని ఊళ్లలో ఆ యుద్ధం తర్వాత పెట్టిన పాలరాతి పలకలు ఇంకా ఉన్నాయి. ఈ ఊరి నుంచి ఇంతమంది యుద్ధానికి వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలు ఇచ్చారు అని వాటి మీద ఉంటుంది. ఎవరన్నది ఉండదు.

పంజాబ్‌లో కథ కొంత వేరుగా నడిచింది. ఏ ఊరి నుంచి ఎవరు వెళ్లారో రాసిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో భద్రంగా మిగిలాయి. సుమారు 3,20,000 మంది సైనికుల వివరాలున్న ఆ దస్తావేజులను 2021 నవంబర్‌లో డిజిటల్ రూపంలో బయటపెట్టారు. లండన్‌లోనో లూధియానాలోనో ఉన్న మునిమనవడు ఇవాళ తన ముత్తాత పేరు వెతుక్కోగలడు. మన దగ్గర తాడేపల్లిగూడెం పక్కన మాధవరం ఉంది. తరతరాలుగా ఎంతమందిని సైన్యానికి పంపిందో, జనం దాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. ఢిల్లీలోని తీన్ మూర్తి దగ్గర నిలబడిన మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్ల గుర్తు. మిగతా రెండూ జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లవి. ఇలా ఊరికి పేరు వచ్చింది, పటాలానికి విగ్రహం వచ్చింది. ఊరూరా పేర్లతో పుస్తకం మాత్రం మనకు రాలేదు.

తేదీలు, సరిహద్దులు

రెండో ప్రపంచ యుద్ధం నాటికి లోహపు తేడాలు పోయి తేదీల లెక్క వచ్చింది. భారత సైన్యం 25 లక్షలు దాటింది, అందరూ స్వచ్ఛందంగా చేరినవారే. ఎవరు ఏ రంగంలో ఉన్నారో దాన్ని బట్టి ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్, బర్మా స్టార్ అంటూ విడివిడిగా పతకాలు పెట్టారు. బర్మా స్టార్‌కు లెక్కలోకి వచ్చే కాలం 1941 డిసెంబర్ 11 నుంచి 1945 సెప్టెంబర్ 2 వరకు. మరి దేశం దాటనివాడి సంగతేమిటి? వాళ్ల కోసం 1946లో ఇండియా సర్వీస్ మెడల్ తెచ్చారు. దేశంలోనే మూడేళ్లు పనిచేసి ఉంటే చాలు. వెనక వైపు భారతదేశ పటం ఉంటుంది. ఇంట్లో ఉన్నవాడికి యుద్ధం దూరమని అనుకోవడానికి లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి.

అదే బర్మా అడవుల్లో అవతలి పక్షాన ఆజాద్ హింద్ ఫౌజ్ ఉంది. అటు వెళ్లిన భారతీయులకు ఏ స్టారూ లేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా వారిని తిరిగి సైన్యంలోకి తీసుకోలేదు. ఒకే అడవిలో, ఒకే వానలో, ఒకే మలేరియాతో పడి ఉన్న ఇద్దరు భారతీయుల్లో ఒకరి రొమ్ము మీద పతకం ఉంది, ఇంకొకరి సర్వీసు రికార్డులో బర్తరఫ్ ఉంది. వారి మాట మళ్లీ వస్తుంది.

తర్వాత వచ్చిన పతకం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. 1947 స్వాతంత్ర్య పతకం. ఆగస్టు 15న మన సైన్యంలో ఉన్నవారికి ఇచ్చారు. ఒక వైపు సారనాథ్ సింహాలు, స్వాతంత్ర్య దినం తేదీ. మరో వైపు అశోక చక్రం. ఆ చక్రం మీద కిరీటం, చుట్టూ ఆరో జార్జి చక్రవర్తి పేరు. రిబ్బను కాషాయం, తెలుపు, ఆకుపచ్చ. బ్రిటిష్ పాలన పోయినందుకు గుర్తుగా బ్రిటిష్ రాజు పేరుతోనే పతకం. వింతగా ఉన్నా చట్టప్రకారం సరైనదే. 1950 జనవరి 26 దాకా మనం డొమినియన్‌గానే ఉన్నాం, పతకాలు పెట్టే అధికారం రాజుదే. పరమవీర, మహావీర, వీర చక్రాలను రిపబ్లిక్ అయిన రోజున స్థాపించి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. స్వతంత్ర రాజ్యం తన చేతికి కలం వచ్చిన రోజునే వెనక్కి వెళ్లి కశ్మీర్‌లో పోరాడినవారి పేర్లు రాసుకుంది.

స్వతంత్ర భారతం పతకాల్లో నాకు నచ్చిన పద్ధతి 1965 నుంచి మొదలైంది. ఆ యుద్ధానికి రెండు పతకాలు పెట్టారు, రెండూ 1967 జనవరి 26న ప్రకటించారు. పోరాట ప్రాంతంలో ఉన్నవారికి సమర్ సేవా స్టార్. 1965 ఆగస్టు 5 నుంచి 1966 జనవరి 25 మధ్య కాలం దానికి లెక్క. ముందు వరుసలో లేకపోయినా సైన్యంలో ఉండి దేశాన్ని నిలబెట్టినవారికి రక్షా మెడల్. 1971లో ఇదే పద్ధతి కొనసాగింది. తూర్పు రంగానికి పూర్వీ స్టార్, పడమటి రంగానికి పశ్చిమీ స్టార్, అందరికీ సంగ్రామ్ మెడల్. కార్గిల్ తర్వాత ఆపరేషన్ విజయ్ స్టార్, ఆపరేషన్ విజయ్ మెడల్ కూడా ఈ జంట పద్ధతిలోనే వచ్చాయి.

ఈ జంట వెనక ఒక నిజాయితీ ఉంది. యుద్ధమంటే కందకంలో ఉన్నవాడు ఒక్కడే కాదని రాజ్యం ఒప్పుకుంది. సికింద్రాబాద్ వర్క్‌షాపులో ట్యాంకు ఇంజను విప్పి బిగించినవాడు, ఆర్డినెన్స్ డిపోలో రాత్రంతా పెట్టెలు ఎక్కించినవాడు, వంటశాలలో రొట్టెలు కాల్చినవాడు కూడా లెక్కలోకి వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కంచుతో తక్కువ చేసి చూపిన పనిని 1965లో స్వతంత్ర రాజ్యం పేరు పెట్టి గుర్తించింది. అలాగని ముందు వరుసలో ఉన్నవాడికి అన్యాయం చేయలేదు, స్టారు అతనికి ప్రత్యేకం. విశాఖ బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం చూసేటప్పుడు, ఎదురుగా ఇసుక మీద కుర్సురా జలాంతర్గామిలోకి పిల్లలను తీసుకెళ్లేటప్పుడు ఈ సంగతి చెప్పండి. 1971లో నౌక మీద ఉన్నవాడితో పాటు ఒడ్డున పనిచేసినవాడికి కూడా ఒక పతకం ఉంది.

1972: రాగి రేకు, రజతోత్సవ పతకం

1972 ఆగస్టు 15కు స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయింది. ఇందిరాగాంధీ ప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధులకు తామ్రపత్రాలు ఇచ్చింది. మన ఊళ్లలో ఎన్నో ఇళ్ల గోడల మీద ఆ రాగి రేకు ఇప్పటికీ వేలాడుతోంది. సమరయోధుల పింఛనూ అప్పుడే మొదలైంది. ఆజాద్ హింద్ ఫౌజ్ వారికి కూడా ఆ పింఛనులో చోటు దొరికింది. బర్మా అడవిలో స్టారు రాని మనిషికి పాతికేళ్ల తర్వాత మరో దారిలో గుర్తింపు వచ్చింది. ఆ రోజుకు సర్వీసులో ఉన్న సైనికులకు 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ పతకం ఇచ్చారు. 1997లో 50వది, 2022లో 75వది వచ్చాయి.

తెలంగాణ వారికి ఈ జాబితాల బాధ బాగా తెలుసు. నిజాం పాలనకు వ్యతిరేకంగా సరిహద్దు క్యాంపుల నుంచి పోరాడినవారిని ఆ తర్వాత ఈ పింఛను పరిధిలోకి తెచ్చారు. క్యాంపులో ఉన్నట్టు రుజువు ఏది? రజాకార్ల కాలంలో ఎవరు రిజిస్టరు రాసి పెట్టారు? తోటివారు ఇచ్చిన ధ్రువపత్రాలే ఆధారం. నిజంగా పోరాడిన కొందరు ముసలితనంలో కోర్టుల చుట్టూ తిరిగారు, పోరాడని కొందరు పింఛను తీసుకున్నారు. జాబితా ముందే సరిగ్గా ఉండి ఉంటే ఈ రెండూ జరిగేవి కావు.

ఇక వార్షికోత్సవ పతకం విషయంలో నాకు అభ్యంతరం ఉంది. దాని నియమం ఒక్క తేదీ. 2022 ఆగస్టు 15న యూనిఫారంలో ఉన్నవారికి పతకం. ఆ నెలలోనే చేరిన కుర్రవాడికి అది వస్తుంది. నాథులా దగ్గర, ఛంబ్‌లో, కార్గిల్ కొండల మీద పోరాడి పింఛను మీద ఇంటికొచ్చినవాడికి రాదు. కుర్రవాడికి ఇవ్వడం తప్పని నేను అనను. డెబ్బై అయిదేళ్లు ఈ దేశాన్ని కాపాడినవారిలో ఇంట్లో ఉన్న పెద్దాయన కూడా ఉన్నాడు కదా. ఆయన పేరును ఒక్క తేదీ తుడిచేసింది.

ఇతరుల అనుభవం

ఇక్కడ రష్యా చేసిన పని చూడదగ్గది. 1945లో జర్మనీ మీద గెలుపు పతకాన్ని సోవియట్ యూనియన్ దాదాపు కోటిన్నర మందికి ఇచ్చింది. తర్వాత 1965లో, 1975లో, 1985లో, 1995లో పదేళ్లకోసారి ఆ యుద్ధంలో పాల్గొన్నవారికి కొత్త వార్షికోత్సవ పతకాలు ఇస్తూ వచ్చారు. 2005 నుంచి అయిదేళ్లకోసారి ఇస్తున్నారు. 2025లో 80వ ఏటి పతకం. గమనించండి, వాళ్ల జాబితాలో రిటైరైనవాడు ముందుంటాడు. లెనిన్‌గ్రాడ్ దిగ్బంధంలో ఆకలితో బతికిన పౌరులు, నాజీ శిబిరాల్లో బందీలైన పిల్లలు కూడా కాలక్రమంలో ఆ జాబితాలోకి వచ్చారు. విదేశాల్లో ఉన్నవారికి రాయబార కార్యాలయాలు అందజేస్తాయి.

దాని రెండో ముఖం కూడా చెప్పాలి. ప్రతి అయిదేళ్లకూ కొత్త పతకం వస్తుంటే, అది ముసలి సైనికుడి కోసమా, వేదిక మీద నిలబడిన పాలకుడి కోసమా అన్న అనుమానం రాక మానదు. పాత విజయాన్ని కొత్త యుద్ధాలకు ఇంధనంగా వాడుకోవచ్చు. తొంభై దాటిన వృద్ధుడికి పతకం కన్నా మందులు, లిఫ్టు ఉన్న ఇల్లు ముఖ్యమని అక్కడా అన్నవారున్నారు. ఇంటికి వెళ్లి చేతికి ఇవ్వడం వరకు వాళ్ల దగ్గర నేర్చుకుందాం, ఆర్భాటాన్ని వదిలేద్దాం.

బ్రిటన్ మరో రకం. అక్కడ పతకాలు ఇవ్వడంలో పిసినారితనం ఒక సంప్రదాయం. రెండో ప్రపంచ యుద్ధంలో గడ్డకట్టే ఆర్కిటిక్ సముద్రం మీదుగా రష్యాకు సరుకులు చేరవేసిన నావికులకు ప్రత్యేక పతకం లేకుండా పోయింది. దశాబ్దాల పాటు అడిగితే 2012 చివర ఒప్పుకొని 2013లో ఆర్కిటిక్ స్టార్ ఇచ్చారు. అప్పటికి చాలామంది లేరు. రష్యా వారికి ఉషకోవ్ పతకం ఇస్తానంటే, తీసుకోవడానికి మొదట బ్రిటిష్ ప్రభుత్వమే అనుమతి ఇవ్వలేదు. 1950లలో అణు పరీక్షల దగ్గర నిలబెట్టిన సైనికులకు పతకం ప్రకటించింది 2022 నవంబర్‌లో. ఆలస్యం అయినా ఇచ్చారు, అది మెచ్చుకోదగ్గదే. కానీ పతకం అందుకోవలసిన చెయ్యి బతికి ఉండగా ఇవ్వడానికి అడ్డు వచ్చింది డబ్బు కాదు, పద్ధతి.

బంగ్లాదేశ్ తనది కాని సైన్యాన్ని స్మరించింది. 1971లో మరణించిన భారత సైనికుల్లో ఏడుగురి కుటుంబాలకు 2017 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఆ దేశ ప్రధాని చేతుల మీదుగా గౌరవ చిహ్నాలు ఇచ్చారు. అంతకు ముందు విదేశీ మిత్రులకు ఇచ్చిన చిహ్నాల్లో బంగారం ఉండవలసినంత లేదని 2014లో అక్కడి పత్రికలే బయటపెట్టాయి. పేర్ల జాబితా సరిగ్గా రాసుకున్నా, పోతపోసే దగ్గర ఎవరో చేతివాటం చూపితే రాజ్యం గౌరవమే కల్తీ అవుతుంది.

చేతికి చేరే దారి

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. పతకం ప్రకటించడం ఒక సంతకంతో అయిపోతుంది. అక్కడి నుంచి సైనికుడి చేతికి చేరడం పెద్ద ప్రయాణం. ముందు యూనిట్‌లో అర్హుల జాబితా తయారు కావాలి. ఆ వివరాలతో పార్ట్-2 ఆర్డర్ అనే ఉత్తర్వు పడాలి. అది రికార్డ్ ఆఫీసుకు పోయి, షీట్ రోల్ అనే సర్వీసు రికార్డులో ఎక్కాలి. మద్రాస్ రెజిమెంట్ వారికి ఆ ఆఫీసు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉంటుంది, ఆర్టిలరీ వారికి నాసిక్ రోడ్‌లో. ఈఎంఈ, ఆర్డినెన్స్ కోర్‌ల రికార్డులు మన సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. తర్వాత టంకశాలలో పతకం అచ్చు కావాలి, అంచు మీద పేరు పడాలి, యూనిట్‌కు తిరిగి రావాలి. ఆలోపు మనిషి బదిలీ అవుతాడు, రిటైరవుతాడు, ఊరికి వస్తాడు.

ఇక్కడున్న మీలో చాలామంది రొమ్ము మీద ఉన్నవి కంటోన్మెంట్ బజారులో, యూనిఫారాలు కుట్టే దుకాణంలో కొన్న నకళ్లని నాకు తెలుసు. నవ్వుతున్నారు గనక నిజమే. అసలువి ఇంట్లో పదిలంగా దాచుకొని నకలు పెట్టుకోవడం ఒక అలవాటు, అందులో తప్పు లేదు. అసలువి రాకపోవడం వల్ల నకలు కొనుక్కోవలసి రావడం వేరు. రిబ్బను పెట్టుకునే హక్కు వచ్చింది, పతకం రాలేదు. పరేడ్‌కు వెళ్లాలి, జేబులో చెయ్యి పెట్టాలి. దేశం ఇస్తానన్న గుర్తును సైనికుడే డబ్బిచ్చి కొనుక్కుంటే అది కానుక కాకుండా పోయింది. నకలు అంచు మీద పేరు కూడా ఉండదు. రేపు మనవడి చేతిలో ఆ ముక్కను చూసి అది ఎవరిదో ఎవరూ చెప్పలేరు.

దీనికి జవాబుగా కొందరు అంటారు: అందరికీ ఇచ్చేదానికి విలువేముంది, దాని కోసం ఇంత పట్టింపు ఎందుకు అని. నాకు తోచిన సమాధానం ఇది. రేషన్ కార్డు అందరికీ ఇస్తారు, అయినా మన పేరు లేకపోతే ఆఫీసు చుట్టూ తిరుగుతాం. అందరికీ వచ్చేది మనకు రాకపోవడమంటే మనం లెక్కలో లేకపోవడం. శౌర్య పతకం రాకపోతే సైనికుడు బాధపడడు, ఆ రోజు ఆ అవకాశం తనకు రాలేదనుకుంటాడు. సంగ్రామ్ మెడల్ రాకపోతే 1971లో తాను ఎక్కడున్నట్టు?

2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమైంది. స్వాతంత్ర్యం తర్వాత మరణించిన 25,942 మంది పేర్లు అక్కడ గ్రానైట్ మీద చెక్కారు. శ్రీలంకకు శాంతి సేనగా వెళ్లి చనిపోయినవారి పేర్లూ అందులో ఉన్నాయి. 1947 నుంచి లెక్కిస్తే ఆ పని చేయడానికి మనకు 70 ఏళ్లకు పైగా పట్టింది. చేసిన తీరు మాత్రం సరైనది. హోదా చూసి ఒకరికి పేరు, ఒకరికి అంకె అనలేదు. మరణించినవారికి చేసిన ఈ పని బతికున్నవారికి ఇంకా మిగిలే ఉంది.

చేయగలిగినవి

ఉపన్యాసం అంటే ప్రభుత్వాన్ని నాలుగు మాటలని దిగిపోవడం కాకూడదు. చేయగలిగిన పనులు మూడు చెబుతాను.

మొదటిది మీ చేతుల్లో ఉంది. ఈ పండగ సెలవుల్లో మీ డిశ్చార్జి బుక్కు తీయండి. అందులో పతకాల వివరాలు రాసే చోటు ఉంటుంది. మీరు పాల్గొన్న ఆపరేషన్లకూ అక్కడ రాసినవాటికీ పొంతన ఉందో లేదో చూడండి. లేకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా మీ రికార్డ్ ఆఫీసుకు రాయండి. భర్త పోయిన ఇళ్లలో ఆ పని పిల్లలు చేయాలి. రికార్డు సరిచేస్తే పతకంతో పాటు పింఛను తగాదాలు కూడా కొన్ని తీరతాయి.

రెండోది ప్రభుత్వానికి. ఇకముందు వార్షికోత్సవ పతకం పెట్టినప్పుడు ఆ తేదీకి సర్వీసులో ఉన్నవారితో పాటు అప్పటికి ముందు యుద్ధాల్లో పాల్గొని జీవించి ఉన్నవారిని కూడా చేర్చాలి. 2047లో వందేళ్ల పతకం తప్పక వస్తుంది. కార్గిల్‌లో ఇరవై ఏళ్ల వయసున్నవారు అప్పటికి డెబ్బైకి దగ్గర పడతారు. నియమాలు రాసే కాగితంలో ఒక వాక్యం కలపడానికి మనకు రెండు దశాబ్దాల సమయం ఉంది. ఇప్పుడే అడగడం మొదలుపెడితే తొందరపడ్డట్టేమీ కాదు.

మూడోది మనందరిదీ. పంజాబ్‌కు వందేళ్ల క్రితం నాటి రిజిస్టర్లు దొరికాయి. మనకు అంత పాతవి దొరక్కపోవచ్చు. 1947 తర్వాతి జాబితా మాత్రం మనం తయారు చేసుకోవచ్చు. ఊరి పేరు, మనిషి పేరు, సర్వీసు నంబరు, యూనిట్, ఉన్న యుద్ధం, వచ్చిన పతకం, రావలసిన పతకం. ఈ ఏడు గడులు ఉన్న పుస్తకం ప్రతి మండలంలో ఒకటి ఉంటే చాలు. ఉపాధ్యాయులు, డిగ్రీ కాలేజీ చరిత్ర విద్యార్థులు పండగ సెలవుల్లో చేయగలిగిన పని. మాధవరం లాంటి ఊరు దారి చూపిస్తే మిగతావి వెనకే వస్తాయి. పేర్లు తెలుగులో రాయండి. రికార్డుల్లో ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే ఇంటిపేరు నాలుగు రకాలుగా ఉండబట్టే ఎంతోమంది అర్హత తేలకుండా ఆగిపోయింది.

రాజ్యం పతకం ఇచ్చేటప్పుడు ఒక వాగ్దానం చేస్తుంది: నువ్వు ఆ రోజు అక్కడ ఉన్నావని నాకు తెలుసు అని. ఆ మాట నిలబడాలంటే రాజ్యానికి నిజంగా తెలిసి ఉండాలి. తెలియడమంటే ఏదో ఒక ఆఫీసులో, ఒక పుటలో ఆ పేరు సరైన అక్షరాలతో ఉండటం. నిర్వాహకులకు నా విన్నపం ఒకటే. వచ్చే జనవరి 14 నాటికి ఒక్క మండలం జాబితానైనా సిద్ధం చేయండి. ఆ ఏటి ఉపన్యాసాన్ని తగ్గించి, ఆ సమయంలో ఆ పేర్లు చదవండి. అప్పుడు మాట్లాడటానికి నన్ను పిలవకపోయినా ఫరవాలేదు, వినడానికి తప్పక వస్తాను.